ఇంజన్‌లో టిక్‌టిక్: మెకానిక్ కంటే ముందు మనం వినాల్సినవి

కారు ఇంజన్ నుంచి కొత్తగా 'టిక్ టిక్' మని చప్పుడు మొదలైతే మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఒకటే. నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోరు. ఐదో రోజు మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తారు. ఆయన బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని, "టాపెట్ సౌండ్ సార్, హెడ్ దించాలి" అంటాడు. అక్కడి నుంచి మన చేతిలో ఏమీ ఉండదు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దాదాపు అలాంటి చప్పుడే టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయి వల్లా రావచ్చు, కాలిపోయిన చిన్న గాస్కెట్ వల్లా రావచ్చు, ఇంజన్‌లో ఆయిల్ అడుగంటడం వల్లా రావచ్చు. మొదటిదానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు. చివరిదాన్ని అశ్రద్ధ చేస్తే ఇంజనే పోతుంది.

మన బ్యాంకు కుటుంబాలకు ఈ విషయం కొంచెం ఎక్కువే అవసరం. ఉద్యోగమంటేనే బదిలీలు. అధికారి ఒక ఊళ్లో, కుటుంబం మరో ఊళ్లో. కారు వారాల తరబడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, లేదంటే స్కూలుకీ కూరగాయల మార్కెట్‌కీ రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగిపోతుంది. ఈ రెండూ ఇంజన్‌కు పడని అలవాట్లే. పైగా చప్పుడు మొదలైన రోజున మెకానిక్‌తో మాట్లాడాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లు. ఈ వ్యాసం కారు రిపేరు నేర్పదు. గ్యారేజీకి వెళ్లేలోపు పనిముట్లు లేకుండా ఏమేం గమనించవచ్చో మాత్రం చెబుతుంది.

ముందు ఆయిల్, తర్వాతే మిగతావి

చప్పుడు ఏదైనా మొదట చూడాల్సింది ఇంజన్ ఆయిల్. ఇంజన్ పైభాగంలో, అంటే హెడ్‌లో, క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ వాల్వ్‌లను నొక్కి తెరుస్తుంటుంది. అడుగున చాంబర్‌లో ఉన్న ఆయిల్‌ను పంపు అక్కడిదాకా ఎక్కించాలి. ఆయిల్ తగ్గినా, పాతబడి జిడ్డుగడ్డలు కట్టినా, పంపు బలహీనపడినా ముందుగా ఎండేది ఆ పైభాగమే. కాలువలో నీళ్లు తగ్గితే చివరి ఆయకట్టు ఎండినట్టు. చాలాసార్లు ఆ కరువు గురించి మనకందే మొదటి కబురే టిక్‌టిక్.

చూసే పద్ధతి తేలికే. బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, ఇంజన్ కట్టేసి ఐదారు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ బయటకు తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తీయాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తుకన్నా తక్కువుంటే, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ కొంచెం కొంచెంగా పోసి మళ్లీ చూడాలి. ఎక్కువైతే ఇంకా మంచిదే కదా అని పై గుర్తు దాటించకండి. మరీ ఎక్కువైతే తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను మజ్జిగలా చిలికి నురగ తెస్తుంది. గాలి బుడగలు నిండిన ఆయిల్ వల్ల కూడా అచ్చం అలాంటి టిక్‌టిక్కే వస్తుంది.

మట్టం సరిగ్గా ఉంటే సరిపోదు, ఆయిల్ వయసూ చూడాలి. మన దగ్గర చాలా పెట్రోల్ కార్లకు కంపెనీలు చెప్పే గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. 'ఏది ముందైతే అది' అన్న మాటను తక్కువ తిరిగే కార్లవాళ్లు మర్చిపోతుంటారు. ఏడాదిలో 3,000 కిలోమీటర్లే తిరిగినా ఆయిల్ మార్చాల్సిందే. చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరైపోక ఆయిల్‌లోనే మిగులుతాయి.

ఇక డాష్‌బోర్డు మీద ఆయిల్ కూజా ఆకారంలో ఉండే ఎర్ర దీపం. అది వెలిగితే 'ఆయిల్ కొంచెం తగ్గింది' అని చాలామంది అనుకుంటారు. చాలా కార్లలో ఆ దీపం మట్టాన్ని చెప్పదు, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అంటే బేరింగులకు ఆయిల్ అందడం లేదన్నమాట. టిక్‌టిక్‌తో పాటు ఆ దీపం వెలిగిందంటే రోడ్డు పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. మట్టం చూసి, ఆయిల్ పోశాక కూడా దీపం ఆరకపోతే మళ్లీ స్టార్ట్ చేయకుండా బండిని లాగించుకు పోవాలి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా, ఇంటికెళ్లి చూద్దాం" అనుకున్నవాళ్లలో కొందరికి ఆ రెండు కిలోమీటర్లే ఇంజన్ ఖరీదయ్యాయి.

ఇంజన్‌దా, చక్రానిదా?

ఆయిల్ బాగానే ఉందనుకుందాం. తర్వాతి ప్రశ్న: ఈ చప్పుడు ఇంజన్‌తో కలిసి నడుస్తోందా, చక్రాలతో కలిసి నడుస్తోందా? తేల్చుకోవడం సులువే. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి యాక్సిలరేటర్ కొంచెం నొక్కండి. చప్పుడు వేగం పెరిగితే అది ఇంజన్‌ది. నిలబడినప్పుడు ఏమీ లేకుండా, కదిలితేనే మొదలై, బండి వేగంతో పెరుగుతుంటే అది చక్రాల వైపుది.

చక్రం చప్పుడుకు ఒక లెక్కుంది. చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు మూడుసార్లు తిరుగుతుంది. ఆ వేగంలో సెకనుకు మూడు టిక్కులు వినిపిస్తుంటే టైర్లు చూడండి. గాడిలో రాయి ఉండొచ్చు, మేకు ఉండొచ్చు. మేకు కనబడితే అక్కడికక్కడే పీకకండి, గాలి మొత్తం పోవచ్చు. నేరుగా పంక్చరు షాపుకే వెళ్లండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరిగేటప్పుడు మాత్రమే 'కట కట' మంటే అది ఇంజన్ పని కాదు, ముందు చక్రాలకు శక్తినిచ్చే యాక్సిల్ చివరి సీవీ జాయింట్‌ది. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటకొచ్చిందేమో చూడమనాలి.

చప్పుడుకు పేరు పెట్టడం

శబ్దాలకు మన తెలుగులో మాటలకు కొదవ లేదు. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆ సంపదను వాడుకోవాలి. ఊరికే 'సౌండ్ వస్తోంది' అంటే ఆయనకు ఏమీ తెలియదు. కుట్టు మిషన్ ఆడుతున్నట్టు సన్నగా, చకచకా 'టిక్‌టిక్‌టిక్' అంటే సాధారణంగా పైభాగం, వాల్వ్‌ల వైపు. తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు బరువుగా 'డబ్ డబ్' అంటే అది అడుగుభాగం, కనెక్టింగ్ రాడ్ బేరింగుల వైపు కావచ్చు. అది ప్రమాదం, బండి నడపకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంటే అది పెట్రోల్ వేళ కాని వేళ అంటుకోవడం. లొడలొడలాడే రేకు చప్పుడైతే సైలెన్సర్ పైన ఉండే వేడి కాచే రేకు వదులై ఉంటుంది. ఒక క్లిప్పుతో పోయే పని అది.

ఇంకొంచెం శ్రద్ధ ఉన్నవాళ్లు లెక్క కూడా పెట్టవచ్చు. మన కార్లలో ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఐడిలింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు ఆరేడు సార్లు. చెవితో లెక్కపెట్టలేం. ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి, నాలుగో వంతు వేగంతో వినండి, అప్పుడు అందుతుంది. టిక్కులు ఇంజన్ వేగంలో సగం ఉంటే ఒక వాల్వ్ గానీ, ఒకే సిలిండర్ దగ్గర గ్యాస్ లీకు గానీ కావచ్చు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ భాగాల చప్పుడు ఎక్కువగా క్రాంక్ వేగాన్నే అనుసరిస్తుంది. దీనొక్కదాని మీద తీర్పు చెప్పలేం గానీ, 'హెడ్ దించాలా, చాంబర్ విప్పాలా' అన్న ప్రశ్నకు ఇదొక సాక్ష్యం.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

నా ఉద్దేశంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. గ్యారేజీలో తేలిగ్గా తప్పిపోయే ప్రశ్న కూడా ఇదే, ఎందుకంటే మనం బండి నడుపుకుంటూ వెళ్లేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు వేరే రాష్ట్రానికి బదిలీ అయ్యాడు. కారు ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లల్ని స్కూల్లో దింపడానికి ఆయన భార్య నడిపేవారు. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్‌టిక్, స్కూలు గేటు చేరేసరికి తగ్గుముఖం. ఒక గ్యారేజీలో 'టాపెట్లు పోయాయి, హెడ్ పని' అని 30 వేలకు పైగా ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. వారం రోజుల పాటు ఒక పాత డైరీలో రాసుకున్నారు: ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలకు ఆగింది, యాక్సిలరేటర్ నొక్కితే ఏమైంది, ఏసీ వేస్తే ఏమైంది. తర్వాత నాకు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, వేడెక్కితే తగ్గిపోయే జబ్బు ఏముంటుంది?" అని అడిగారు.

అంత మంచి ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉంటుంది. వేడెక్కితే తగ్గేవి ముఖ్యంగా మూడు. మొదటిది హైడ్రాలిక్ టాపెట్లు. వీటిలో ఆయిల్ నిండి ఉండి, వాల్వ్ దగ్గర ఖాళీని తమంతట తామే పూడ్చుకుంటాయి. బండి చాలా రోజులు నిలబడితే ఆ ఆయిల్ కిందికి జారిపోతుంది. స్టార్ట్ చేశాక కొద్ది సెకన్లు టిక్‌టిక్‌మని, ఆయిల్ చేరగానే ఆగిపోతాయి. అలా ఆగితే కంగారు అక్కర్లేదు. రెండోది అరిగిన పిస్టన్. చల్లగా ఉన్నప్పుడు సిలిండర్ గోడకు కొట్టుకుంటుంది, వేడికి వ్యాకోచించాక సర్దుకుంటుంది. ఆ చప్పుడు కొంచెం మొద్దుగా ఉంటుంది. మూడోది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకు. ఇంజన్ హెడ్‌కూ పొగ గొట్టానికీ మధ్య ఉండే ఆ గాస్కెట్ కాలినా, బిగించే స్టడ్డు విరిగినా ప్రతి పేలుడుకూ కాస్త గ్యాస్ సందులోంచి 'టిక్' మని తప్పించుకుంటుంది. ఇనుము వేడెక్కి సాగాక సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది.

ఆవిడ డైరీలో రెండు సంగతులు నన్ను ఆపాయి. కొన్ని సెకన్లు కాదు, ఆరేడు నిమిషాల పాటు వస్తోంది. యాక్సిలరేటర్ నొక్కితే ఎక్కువవుతోంది. వాటికి తోడు, కారులో పొగ వాసన వస్తోందని చిన్నబ్బాయి రెండు రోజులు అన్నాడట. నేను చెప్పింది ఒక్కటే: "అమ్మా, గాస్కెట్ సంగతి తేలేదాకా పిల్లల్ని ఆ కారులో ఎక్కించకండి." ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పొగ వాసన కారు లోపలికి వస్తోందంటే దాంతో పాటు అదీ వస్తున్నట్టే. మరో మెకానిక్ పొద్దున్నే ఇంటికొచ్చి, చల్లని ఇంజన్ మీద సబ్బునీళ్లు చల్లి స్టార్ట్ చేయించాడు. మానిఫోల్డ్ చివర బుడగలు లేచాయి, ఆ పక్కనే నల్లటి మసి చార. ఒక స్టడ్డు విరిగి ఉంది. స్టడ్డు, గాస్కెట్, కూలీ కలిపి మొదటి ఎస్టిమేట్‌లో పదో వంతు కూడా కాలేదు.

దీనికి తిరగబడిన రకం, అంటే పొద్దున నిశ్శబ్దంగా ఉండి వేడెక్కాక మొదలయ్యే చప్పుడు, ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. వేడికి ఆయిల్ పలచబడుతుంది. బేరింగులు అరిగి ఉంటే అప్పుడు ఒత్తిడి నిలవదు. మన భాషలో చెప్పాలంటే ఖాతా ఎస్‌ఎంఏ-0లోకి వచ్చింది. 90 రోజులు దాటి ఎన్‌పీఏ అయ్యేదాకా ఎవరం ఆగం కదా. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి ఆ స్థానంలో గేజ్ బిగించి ఒత్తిడి కొలవమని మెకానిక్‌ను అడగండి. ఇంజన్ విప్పక్కర్లేని పరీక్ష ఇది.

టాపెట్ల గురించి ఒక అపోహ

అంబాసిడర్ కాలంలో టాపెట్ చప్పుడు ఇంట్లో గడియారం చప్పుడంత మామూలు విషయం. ఇప్పటికీ హైడ్రాలిక్ టాపెట్లు లేని ఇంజన్లు చాలా ఉన్నాయి. వాటిలో వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సన్నటి ఖాళీ కావాలనే వదులుతారు. ఆ ఖాళీ మిల్లీమీటరులో ఐదో వంతు, నాలుగో వంతు ప్రాంతంలో ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో కొలిచి సెట్ చేస్తారు. ఖాళీ పెరిగితే చప్పుడు పెరుగుతుంది. అందుకని చప్పుడు లేకపోతే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకుంటాం. అది పొరపాటు. ఖాళీ మరీ తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే వాల్వ్ తన వేడిని సీటుకు అప్పగించి చల్లబడుతుంది. ఆ అవకాశం లేక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది.

సీఎన్‌జీ కార్లున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సీఎన్‌జీ పొడి ఇంధనం, దానితో వాల్వ్ సీట్లు త్వరగా అరిగే అవకాశం ఉంది. సీటు అరిగితే వాల్వ్ పైకి జరిగి ఖాళీ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. "ఈమధ్య ఇంజన్ మెత్తగా నడుస్తోంది" అని సంతోషించే సమయం కాదది. పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది, ఐడిలింగ్‌లో వణుకు కూడా ఉంటే వాల్వ్ క్లియరెన్స్ కొలిపించాలి.

చప్పుడు తగ్గిస్తామని అమ్మే సీసాలు, 'కొంచెం మందపాటి ఆయిల్ పోద్దాం సార్' అనే సలహాలు కూడా ఈ కోవలోవే. మందపాటి ఆయిల్ చప్పుడును కప్పుతుంది, అరుగుదలను ఆపదు. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. కొనేముందు 'ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వస్తాను, నా ముందే స్టార్ట్ చేయండి' అని చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మర్నాడు మళ్లీ వెళ్లండి.

చప్పుళ్లన్నీ జబ్బులు కావు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు టిక్‌టిక్‌మంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో, డీజిళ్లలో ఇంకా గట్టిగా అంటాయి. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే చిన్న వాల్వ్ కూడా ఉండుండి కొట్టుకుంటుంది. ఏసీ వేసినప్పుడు కొంతసేపటికోసారి ఒక్క 'టక్' మంటే అది కంప్రెసర్ క్లచ్. ఇంజన్ ఆపాక 'టింగ్.. టింగ్' మనేది సైలెన్సర్ చల్లబడి ముడుచుకునే శబ్దం. కొత్తలో కారు ఎలా పలికేదో తెలిసి ఉండటమే ఇక్కడ కొలత. అందుకే బండి బాగున్న రోజునే ఒక నిమిషం రికార్డు చేసి ఫోన్‌లో దాచుకోమని అందరికీ చెబుతుంటాను.

మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి పిడి చెవికి పెట్టుకోవడం చూసే ఉంటారు. 1816లో పారిస్‌లో లాయెనెక్ అనే వైద్యుడు కాగితం చుట్టి గొట్టంలా చేసి రోగి గుండె విన్నాడు, స్టెతస్కోప్ అలా పుట్టింది. సూత్రం అదే. ఆ పని మాత్రం మెకానిక్‌కే వదలండి. నడుస్తున్న ఇంజన్ మీద చున్నీ, చీర కొంగు, జడ, గొలుసు వేలాడితే బెల్టు లాగేస్తుంది. తాళం తీసినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది.

ఎందుకు, ఎందుకు, ఎందుకు

మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు టయోటాలో తైఇచి ఓనో చెప్పిన 'ఐదు ఎందుకులు' వినే ఉంటారు. ఆయన 1978 నాటి పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ మన విషయానికి అతికినట్టు సరిపోతుంది. యంత్రం ఎందుకు ఆగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు ఎక్కువైంది? బేరింగుకు ఆయిల్ చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడలేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగిపోయింది. ఎందుకు? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే యంత్రం మళ్లీ ఆగుతుంది.

టాపెట్ మార్చినా చప్పుడు మళ్లీ వచ్చిందంటే మన ఇంజన్‌లోనూ ఇదే కథ జరుగుతుండవచ్చు. చాంబర్‌లో పంపు నోటికి జల్లెడ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకపోతే మడ్డి పట్టి అది మూసుకుపోతుంది. కాబట్టి 'టాపెట్ పోయింది' అన్నప్పుడు వెంటనే అడగాల్సిన మాట: "ఎందుకు పోయింది? ఆయిల్ ప్రెషర్ ఎంత ఉంది?" ఈ ప్రశ్నకు మంచి మెకానిక్ విసుక్కోడు. విసుక్కునేవాడితో ఇంజన్ విప్పించకపోవడమే మేలు.

బండి వారంటీలో ఉంటే బయట ఎక్కడా ఇంజన్ విప్పించకండి. గ్యారేజీకి వెళ్లేటప్పుడు రికార్డింగులు, రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. ఎస్టిమేట్‌లో ఏ భాగం, ఎందుకు మారుస్తున్నారో రాయించుకోండి. తీసేసిన పాత భాగాలు తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. చప్పుడు చల్లని ఇంజన్‌లోనే వస్తుంటే బండిని ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలి, పొద్దున మొదటి స్టార్టింగు మీ ఎదుటే చేయమనండి. పనయ్యాక కూడా అంతే. సాయంత్రం వేడి ఇంజన్‌తో బండి అప్పగించి 'చూడండి మేడమ్, సౌండ్ లేదు' అంటే అప్పుడే తలూపకండి. మర్నాడు పొద్దున ఇంట్లో స్టార్ట్ చేసి విన్నాక ఫోన్ చేస్తానని చెప్పి రండి.